పండిన పాదం

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే మా తాలూకా ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో బొగ్గుల కుంపటి రాజేసేవారు. దాని మీద నాగటి కర్రు ఎర్రగా కాలుతుండేది. నాన్ తిప్ తన గురువుకి పళ్ళెం పెట్టి, అందులో పువ్వులు, అగరొత్తులు, తమలపాకులు, గుప్పెడు బియ్యం ఉంచి, దణ్ణం పెట్టుకునేవాడు. తర్వాత కుడికాలు అడవి అల్లం నానబెట్టిన నువ్వుల నూనెలో ముంచి, ఆ ఎర్రటి కర్రు మీద మోపేవాడు. భగ్గుమని మంట లేచేది. కాసేపు ఆగి ఆ కాలితో, చాప మీద పడుకున్న రోగి నడుమో పిక్కో తొక్కేవాడు. కర్రు కాల్చి వాత పెడతారనుకుని చాప మీంచి లేచి పరుగు తీసినవాళ్ళూ ఉన్నారు. అలా పరుగెత్తినవాళ్ళే వారం తిరక్కుండా వచ్చి, "తాతా, ముందు నాకు" అని పిక్కలు చాపేవారు.

కుర్రతనంలో బౌద్ధ విహారంలో చేరి, కొన్నేళ్ళు కాషాయం కట్టి, మళ్ళీ ఇంటికొచ్చి సంసారం చేసుకున్నవాణ్ణి మా కొండల వైపు నాన్ అంటారు. తిప్‌కి అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళాం పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ కుడికాలే. ఖమాయ్ గురువు దగ్గర పదకొండేళ్ళు చాకిరీ చేసి ఆ కాలికి మంత్రం పట్టించుకున్నాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఫలానా వాళ్ళ అబ్బాయి అనో ఫలానా ఇంటాయన అనో అనేవారు కారు. కాలు తాత అనేవారు.

ఆయన్ని ఆసుపత్రికి తెచ్చింది కనిత్తా. ఆ పిల్ల చియాంగ్‌మాయి పట్నంలో నాలుగేళ్ళు మన పాత వైద్యం చదివి వచ్చింది. మందు బిళ్ళలు ఇంగ్లీషు డాక్టరు ఇస్తాడు, మూలికల మూటలతో కాపడాలు మేము పెడతాం, కాలు నాన్ తిప్ వేస్తాడు, అందరం కలిసి ఒక్క మనిషిని చూద్దాం అని పట్టుబట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించింది. షెడ్డు ముందు బోర్డు కూడా పెట్టించింది, 'రోగానికి కాదు, మనిషికి వైద్యం' అని. చెప్పొద్దూ, బోర్డు బాగానే ఉంది. చాప మీద పడుకునే ప్రతివాడికీ రెండు కాగితాల నిండా ప్రశ్నలు. నిద్ర పడుతోందా, విరేచనం అవుతోందా, మనసులో దిగులుందా, కలలు వస్తున్నాయా అని. వేలిమీద సూది గుచ్చి షుగరు చూసేవారు, బీపీ చూసేవారు. ఆ చాప పక్కన నిలబడ్డ ముసలాయన్ని మాత్రం నీకెలా ఉందయ్యా అని ఒక్కరు అడిగితే ఒట్టు.

అడిగినా ఆయన చెప్పేవాడు కాదులెండి. మంత్రం పట్టిన ఒంట్లోంచి రక్తం తీయకూడదని ఖమాయ్ గురువు పెట్టిన నియమం. ఏటా ఆసుపత్రి సిబ్బంది అందరికీ పరీక్షలు చేసేటప్పుడు ఆయన పేరు ఎదురుగా కనిత్తాయే 'గురు నియమం' అని రాసి వదిలేసేది. మొదట్లో డాక్టరు ఫువదొన్ ఒక ప్రశ్న వేశాడు.

"కర్రు ఎంత కాలిందో, ఆ కాలు రోగి మీద ఎప్పుడు పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఏదైనా కొలత ఉందా?"

"ఉంది సార్. ఆయన అరికాలే కొలత. తనకి ఓర్చుకోగలిగేటంత చల్లారాకే రోగి మీద పెడతారు" అంది కనిత్తా.

అదే ముక్క, ఈ వైద్యం ఎలా చేయాలో ఆసుపత్రికి రాసిచ్చే పద్ధతి కాగితంలో రాసింది. డాక్టరు చదివి సంతకం పెట్టాడు.

అసలు సంగతేమిటంటే, నాన్ తిప్ అరికాలికి వేడి తెలియడం మానేసి నాలుగేళ్ళయింది. మొదట వేళ్ళ దగ్గర మొద్దుబారింది, తర్వాత మడమ. చివరికి ఎర్రటి కర్రు మీద కాలు పెడితే గచ్చు మీద పెట్టినట్టే ఉండేది. ఆయన భయపడలేదు సరికదా, ఆ రోజు ఇంటికెళ్ళి గురువు పటం ముందు బోర్లా పడి ఏడ్చాడు, సంతోషం పట్టలేక. ఖమాయ్ గురువు అనేవాడు: "నా కాలికి పదేళ్ళుగా నిప్పు తెలీదురా. విద్య పండిందంటే అదే. నీది ఇంకా పచ్చిది." ముప్పై ఏళ్ళు ఆ పండే రోజు కోసం ఎదురుచూశాడు తిప్. తీరా వచ్చాక ఎవరికీ చెప్పలేదు, ఈమధ్య ఒక్క కనిత్తాకి తప్ప. ఆ పిల్ల, నాలుగేళ్ళ చదువు చదివిన పిల్ల, చేతులు జోడించి ఆయన పాదాలకి దణ్ణం పెట్టింది.

"నాకెప్పుడు తాతా?" అని అడిగింది.

"నువ్వు కుంపటి దగ్గరికి పోతేనే కళ్ళు చికిలిస్తావు. ముందు మంత్రం పుచ్చుకో. వేసవిలో గురుపూజ నాడు ఇస్తాను. నా పాదం నీ పాదం మీద పెట్టి చెప్పాలి. అలా ఇస్తేనే అది నీదవుతుంది. ఇవ్వకుండా పోయాననుకో, నాతోపాటే బూడిద."

"అపశకునం మాటలు మాట్లాడకు."

"నిజం మాటలే. ఆ లాంగన్ పళ్ళ బుట్ట ఇలా తోయి."

రోగులు ఆయనకి తెచ్చేవి ఎక్కువగా లాంగన్ పళ్ళే, లిచీల్లా గుండ్రంగా, తీయగా ఉంటాయి. కాపు లేని రోజుల్లో ఎండబెట్టినవి, తేనెలో ఊరినట్టుండేవి. గుప్పిళ్ళతో తినేవాడు. తిని చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. కుంపటి దగ్గర పని కదా, దాహం వేయదా అని అందరం అనుకున్నాం.

షెడ్డుకి వచ్చేవాళ్ళలో సెంగ్‌లా ఒకావిడ. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు చచ్చుబడింది గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ కోరిక చాలా చిన్నది. కోడలు పట్టుకోకుండా దొడ్లోకి తనంతట తను వెళ్ళి రావాలి. మంచం నుంచి దొడ్డి తలుపు దాకా ఇరవై ఆరు అడుగులు. డాక్టరు బిళ్ళలు, కనిత్తా కాపడాలు, కసరత్తులు, తిప్ కాలు అన్నీ కలిసి, కర్ర ఊతంతో పదకొండు అడుగులు వేయగలిగింది. పదకొండో అడుగు వేసిన రోజు షెడ్డులో చప్పట్లు కొట్టారు. పెద్ద ఆఫీసు నుంచి ఎవరో వచ్చి ఫోటో కూడా తీసుకెళ్ళారు.

"ఏమయ్యా నాన్, ఇంకో పదిహేను అడుగులు ఎప్పుడు వేయిస్తావు?" అనేది సెంగ్‌లా. "నా కోడలు నా లుంగీ ముడి విప్పడానికి కూడా మొహం అటు తిప్పుకుంటోంది. దాని తిప్పుడు చూడలేక చస్తున్నాను."

"వేయిస్తానక్కా. వానలొచ్చేలోపు నువ్వే వెళ్ళి తలుపేసుకుంటావు."

"మాట తప్పితే నీ కాలు నరికించేస్తా."

అందరూ నవ్వారు. తిప్ ఇంకా ఎక్కువ నవ్వాడు.

ఆ శుక్రవారం చలి బాగా ఉంది. బొగ్గులు కొత్తవి, లాంగన్ కట్టెతో కాల్చినవి, మామూలు వాటికంటే ఎక్కువ మండుతాయి. కర్రు అంచులు ఎరుపు దాటి పసుపు తిరిగాయి. ఎవరికైనా మామూలు కాలుంటే దగ్గరికి తేగానే తెలిసిపోయేది. తిప్ నూనెలో ముంచి మోపాడు, మంట లేచింది, వేడి తెలియని ఈ నాలుగేళ్ళూ చేసినట్టే మూడు ఊపిర్లు లెక్కపెట్టి కాలు తీసి సెంగ్‌లా ఎడమ పిక్క మీద ఆనించాడు. ఆనించి మాటల్లో పడ్డాడు. కోడలు కొత్తగా కొన్న బండి గురించి ఆవిడ చెబుతోంది, కోపం, నవ్వు కలిపి. ఆయన ఊకొడుతున్నాడు.

కనిత్తా బల్ల దగ్గర కాగితం రాస్తోంది. పంది తోలు కాల్చిన వాసన వచ్చింది. రోడ్డవతల కొట్టువాడు పొద్దున్నే మొదలెట్టాడు కాబోలనుకుని ఇంకో రెండు వరసలు రాసింది. ఆ రెండు వరసల సంగతి తలుచుకుని ఆ పిల్ల తర్వాత ఎన్ని రోజులు తిండి మానేసిందో! వాసన మరీ దగ్గరగా అనిపించి తలెత్తింది. సెంగ్‌లా పిక్క నుంచి సన్నగా పొగ వస్తోంది.

"తాతా! కాలు తీయ్! తీయ్!"

తిప్ ఉలిక్కిపడి కాలు ఎత్తాడు. పిక్క మీది తోలు ఊడి ఆయన అరికాలికి అంటుకుని వచ్చింది.

"ఏంటమ్మా అంత గోల? ఏమైంది?" అంది సెంగ్‌లా, తల ఎత్తలేక అటూ ఇటూ చూస్తూ. "నాకేం కాలేదే. వెచ్చగా కూడా లేదివాళ."

ఆవిడకి తెలియలేదు, ఆయనకీ తెలియలేదు. ఎంత ఘోరమండీ! ఇద్దరు మనుషుల మధ్య అంత మంట ఉండి, దాని సంగతి మూడో మనిషి ముక్కుకి తెలిసింది.

సెంగ్‌లాని లోపలి వార్డుకి తీసుకెళ్ళారు. కాలిన చోట లోపలి కండ దాకా పోయింది. డాక్టరు ఫువదొన్ కట్టు కట్టించి, షెడ్డులోకి వచ్చాడు. కోపంగానే వచ్చాడు. కానీ తిప్ ఎత్తుపీట మీద కూర్చుని, నేను ఏం పాపం చేశాను అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు ఆ కుడికాలు పట్టుకుని పైకెత్తి చూశాడు. మడమకి వేలు పట్టేంత బెజ్జం. దాని అంచులు నల్లగా. రెండు వేళ్ళ మధ్య చీము. ఇవి ఈ పొద్దున కాలినవి కావు, నెలల నాటివి. ఆయనకి నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు. రోజూ ఆ కాలికి నూనె పూసుకునే మనిషే, కానీ కళ్ళు ఆనడం లేదు; నూనె, మసి పట్టిన అరికాలు కావడంతో పక్కవాళ్ళకీ కనబడలేదు.

"పెద్దాయనా, ఈ కాలికి స్పర్శ పోయి ఎన్నాళ్ళయింది?"

"పోవడమేంటి డాక్టరు బాబూ? పండింది. నాలుగేళ్ళయింది. గురువు దయ."

"సూది గుచ్చుతాను. ఒక్క చుక్క."

"కూడదు. మా నియమం..."

"తాతా!" అంది కనిత్తా. "నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి గుచ్చనీ."

ఆ పిల్ల మొహం చూసి చెయ్యి చాపాడు. మిషన్ అంకె చూపించలేదు, ఇంగ్లీషులో 'హై' అని చూపించింది. అంటే అది కొలవగలిగే హద్దు దాటిపోయింది.

డాక్టరు కింద చతికిలబడి నెమ్మదిగా చెప్పాడు. షుగరు నరాలని తినేస్తుందని, ముందు పాదాల దగ్గరే మొదలవుతుందని, ఆ మొద్దుబారడం పండటం కాదని, చావడం అని. ఆయన మంచివాడే, ఎక్కడా గొంతు పెంచలేదు. తిప్ వింటూనే అడ్డంగా తల ఊపాడు.

"అది మామూలు మనుషులకి బాబూ. మాది వేరు. మా గురువుకి పదేళ్ళు నిప్పు తెలీదు. ఆయనకేం, కొండ మీది రాజులాంటివాడు."

"ఆయన ఎలా పోయారు?"

ఖమాయ్ గురువు కాలు నల్లబడి, వాసన వేసి, పదిహేను రోజులు మూలిగి పోయాడు. చావింట్లో తెలియక భోంచేశాడు, నియమం తప్పింది, అందుకే కాలు పట్టుకుందని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ పదిహేను రోజులూ ఆ కాలు కడిగింది తిప్పే. ఆయన ఇప్పుడు తన మడమ వంక చూశాడు. ఆ బెజ్జం, ఆ నలుపు, ఆయనకి కొత్తవి కావు.

"అయితే..." అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఒక్క పూటలో ముప్పై ఏళ్ళు పోతే మనిషి ఏం మాట్లాడతాడు!

కుడికాలు మోకాలి కింద దాకా తీసేశారు. అంతకంటే కింద తీస్తే మానదన్నారు. తీసే ముందు కనిత్తా ఆ కాలికి పళ్ళెం పెడతానంటే తిప్ వద్దన్నాడు.

"దేనికి? అందులో ఏముందని?"

సెంగ్‌లా పుండు మానలేదు. చచ్చుబడ్డ కాలు కదా, రక్తం ఆడదు. కసరత్తు ఆగిపోయింది, ఒళ్ళు బిగుసుకుపోయింది. పదకొండు అడుగులు వేసిన మనిషి పక్కమీద తనంతట తను ఒత్తిగిలలేని స్థితికి వచ్చింది. చక్రాల కుర్చీలో తిప్‌ని ఆవిడ మంచం దగ్గరికి తీసుకెళ్ళింది కనిత్తా. ఆయనే తీసుకెళ్ళమన్నాడు.

ఆవిడ ఆయన కట్టు వంక చూసింది.

"నేనన్న మాటే తగిలింది కాబోలు నీకు. సరదాకన్నానయ్యా."

"అక్కా, నువ్వు తిట్టు. నాలుగు తిట్లు తిడితే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది."

"తిడితే నాకు అడుగులొస్తాయా? మొదట్లో నిన్ను ఒకటి అనాలని చాలా అనుకున్నా. ఇప్పుడు అలిసిపోయా." పైకప్పు చూస్తూ మళ్ళీ అంది. "నా కోడలు ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు ఆ పని చేస్తోంది. మొహం తిప్పుకోవడం కూడా మానేసింది. అలవాటైపోయింది దానికి. అదే నాకు మరీ కష్టంగా ఉంది."

ఆవిడ పది రోజులకి జ్వరం వచ్చి చనిపోయింది. కబురు తెలిసి ఆయన ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

షెడ్డు మూసేశారు. కర్రుకి తుప్పు పట్టింది. బోర్డు మాత్రం తీయలేదు, ఎవరికీ గుర్తు లేదు. కనిత్తాని మందుల గదిలో మూలికలు మూట కట్టే పనికి వేశారు. సాయంత్రం పని అయ్యాక జిగట అన్నం, పచ్చిమిరపకాయల పచ్చడి పట్టుకుని వార్డుకొచ్చి ఆయన దగ్గర కూర్చునేది. ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెట్టేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఒక సాయంత్రం ఆయనే మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, పండటం అంతా ఉత్తదే. ఒప్పుకున్నా. కానీ నేను కాలు వేస్తే వంగని నడుములు వంగలేదా? లేవనివాళ్ళు లేవలేదా? నా కాలికి వేడి తెలిసిన ముప్పై ఏళ్ళూ ఒక్కరికి బొబ్బ లేచిందా?"

"లేదు తాతా."

"మరి? విద్య అబద్ధం కాదు. నా ఒళ్ళు అబద్ధమాడింది. వేడి తెలిసే కాలుండాలి, అంతే. నాకు ఎడమది ఉంది." ఆయన దుప్పటి తీసి ఆ కాలు చూపించాడు. "దీనికి మంత్రం మారుస్తా. నలభై రోజుల పూజ. నేను వైద్యం చేయను, నాకు ఆ ఆశ లేదు. గురుపూజ నాడు దీన్ని నీ పాదం మీద పెట్టి నీకిచ్చేస్తా. ఆ కర్రు నీది. నువ్వు వేడి కొలిచి చెయ్యి, పక్కన డాక్టర్ని పెట్టుకుని చెయ్యి, ఎలా చేస్తావో నీ ఇష్టం. నాతో పోకుండా ఉంటే చాలు తల్లీ."

చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో ఆ జీవం విని కనిత్తాకి ఏడుపొచ్చింది. మర్నాడే డాక్టర్ని అడిగింది.

"ఉట్టి పూజే అయినా, ఆ కాలు వేడి కర్రు దగ్గరికి వెళ్తుందిగా?"

"వెళ్తుంది సార్. ఒక్కసారి మోపాలి. మోపకపోతే ఇవ్వడం కుదరదట."

"స్పర్శ ఉంటే సరే, మోపనిద్దాం. లేకపోతే ఒప్పుకోను. ఈసారి చూడకుండా మాత్రం సంతకం పెట్టను" అని సొరుగులోంచి ఒక చిన్న డబ్బా తీసిచ్చాడు. అందులో పుల్లకి బిగించిన నైలాన్ దారం ముక్క ఉంది. "పాదం మీద పది చోట్ల ఇది వంగేదాకా నొక్కాలి. ఆయన కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి. నువ్వే చెయ్యి. నీ దగ్గరైతే ఆయన కంగారు పడడు."

తిప్ ఆ పొద్దున స్నానం చేయించుకున్నాడు, ఉతికిన చొక్కా తొడిగించుకున్నాడు. కనిత్తా మంచం చివర కూర్చుని ఆ ఎడమకాలు తన ఒళ్ళోకి తీసుకుంది. పాదం శుభ్రంగా ఉంది, ఎక్కడా పుండు లేదు. ఆ కాలు చూస్తే ఆమెకే ఆశ పుట్టింది.

"తాతా, కళ్ళు మూసుకో. తగిలితే ఊ అను."

"ఇంతేనా? చిన్నపిల్లల ఆటలా ఉందే" అని నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె బొటనవేలి కింద దారం ఆనించి నొక్కింది. దారం వంగింది. ఆగింది. మూడో వేలి కింద, చిటికెన వేలి కింద. పాదం మధ్య. ప్రతి చోటా మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ ఆగింది. మడమ దగ్గరైతే తోలు మీద చుక్క పడేదాకా నొక్కింది. పదో చోటు పాదం పైన, వేళ్ళ సందులో. అదీ అయింది.

ఆయన మొహం ప్రశాంతంగా ఉంది. పెదాలు ఊ అనడానికి సిద్ధంగా కాస్త తెరిచి ఉన్నాయి. కనిత్తా దారం పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి ఆయన కళ్ళు తెరవకుండానే కాలు ఇంకొంచెం ముందుకు చాపాడు.

"ఏం తల్లీ, భయమేస్తోందా? ఏం పర్లేదు. మొదలుపెట్టు."